తీసేశామన్న చోటు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలందరూ నన్ను ఒకటే అడుగుతారు. "మేడమ్, రోజంతా గేమ్స్ ఆడుకోవడమేనా మీ ఉద్యోగం?" కాదు నాయనా. రోజంతా భయపడటం నా ఉద్యోగం.

వీడియో గేమ్ జనంలోకి వెళ్ళేముందు అందులో ఎక్కడ ఏం చెడుతుందో వెతికి పట్టుకునే మనిషిని టెస్టర్ అంటారు. ఆడేవాడు తలుపు మామూలుగా తీస్తాడు. టెస్టర్ ఆ తలుపుని పరిగెత్తుకొచ్చి తీయాలి, పాక్కుంటూ వచ్చి తీయాలి, వర్షంలో తీయాలి, తీయకుండా గోడలోంచి దూరగలమేమో కూడా చూడాలి. ధైర్యవంతులు ఈ పనికి పనికిరారు. "ఏం కాదులే" అనే మనిషిని నేను ఎప్పుడూ నా పక్క కుర్చీలో కూర్చోనివ్వలేదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను "పిరికి గుంట" అనేది. టెక్కలిలో గుమాస్తా కూతుర్ని, టైపు నేర్చుకుని, కంప్యూటరు నేర్పే సంస్థల్లో పాఠాలు చెప్పి, నడివయసులో విశాఖపట్నంలో ఒక చిన్న గేమ్ కంపెనీలో చేరాను. ఆ పిరికితనమే నాకు అన్నం పెట్టింది.

ప్రమోషన్ల సంగతి, జీతాల సంగతి నేను చెప్పను. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్క మాట గురించి. "తీసేశాం" అనే మాట.

తీసేయడం అంటే

గేమ్ తయారుచేస్తున్నప్పుడు చాలా వదులుకుంటాం. ఒక గది బాగా రాదు, ఒక పాత్ర నవ్వించదు, ఒక దారి ఎటూ పోదు. అప్పుడు "తీసేయండి" అంటారు. మర్నాడు "తీసేశాం" అంటారు. నమ్మకండి. తీయరు. దానికి వెళ్ళే దారి మూసేస్తారు, అంతే. గది లోపలే ఉంటుంది, పాత్ర ఆ గదిలోనే నిలబడి ఉంటుంది, దాని మాటలు ఫైళ్ళలో అలాగే ఉంటాయి.

మా టెక్కలిలో జాకెట్లు కుట్టే ఆవిడ కుట్టు లోపల కొంత గుడ్డ మడిచి వదిలేసేది. రేపు పిల్ల ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. గేమ్‌లో కూడా కొందరు అలాగే వదులుతారు, మళ్ళీ అవసరం పడొచ్చని. కొందరు బద్ధకించి వదులుతారు. కొందరు ప్రేమకొద్దీ వదులుతారు. మా దగ్గర ఒక కుర్రాడు ఎంతో కష్టపడి ఒక కొంగని చేశాడు. అది వద్దన్నారు. పాపం, దాన్ని చంపడానికి చేతులు రాక, ఎవరూ వెళ్ళలేని ఒక చెట్టు వెనక కూర్చోబెట్టాడు. నేను పట్టుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు.

కానీ ఎక్కువమంది వదిలేది భయంతోనే. ఆ భయం ఎలాంటిదో నాకు ఒక జీడిపప్పు కొట్టు నేర్పింది.

అప్పట్లో మేము ఒక బస్సు గేమ్ చేస్తున్నాం. మందస నుంచి పలాసకి బస్సు నడపాలి. పలాస బస్టాండులో ఒక జీడిపప్పు కొట్టు పెట్టాం. మా బాసు శేఖర్ గారికి దాని రంగు నచ్చలేదు. "తీసేయండి, బస్టాండు ఖాళీగా ఉంటే బాగుంటుంది" అన్నారు. కోడ్ రాసే మోహన్ నిజంగానే తీసేశాడు. అప్పుడు అతను కొత్త, నిజాయితీ ఎక్కువ. మర్నాడు నేను ఆడి చూద్దును కదా, బస్సులన్నీ పలాస వచ్చి నిలబడిపోయాయి. తలుపులు తెరుచుకోవు, జనం దిగరు. వెనక బస్సు, దాని వెనక బస్సు, మందస దాకా వరస. ఏమైందంటే, బస్సు తలుపులు రాసిన మనిషి వేరే గడియారం పెట్టడం ఎందుకని, ఆ కొట్లో మోగే గంటని ఆధారం చేసుకున్నాడు. గంట మోగితే తలుపు తెరుచుకోవాలి. కొట్టు పోయింది, గంట పోయింది, జనం లోపలే ఉండిపోయారు. ఆ మనిషి ఉద్యోగం మాని వెళ్ళి అప్పటికే చాలాకాలమైంది.

చివరికి మోహన్ ఏం చేశాడో తెలుసా? కొట్టుని వెనక్కి తెచ్చి, చిటికెన వేలంత చేసి, రోడ్డు కింద పాతిపెట్టాడు. ఆ గేమ్‌లో ఇప్పటికీ పలాస బస్టాండు కింద ఒక జీడిపప్పు కొట్టు గంట కొడుతూనే ఉంది. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కానీ ఆ రోజు తర్వాత మోహన్ దేన్నీ నిజంగా తీయలేదు. భయం పట్టుకుంది. "ఏది దేన్ని పట్టుకుని ఉందో ఎవడికి తెలుసు మేడమ్?" అనేవాడు. శేఖర్ గారి సిద్ధాంతం ఇంకా సులువు. "కనబడనిది లేనట్టే కామేశ్వరి గారూ." బాసుగా ఆయన చెడ్డవాడు కాదు, జీతం ఆపలేదు, ఎవరినీ కసరలేదు. కానీ ఆ ఒక్క సిద్ధాంతం మాత్రం తప్పు.

మోటారు లేని సముద్రం

తర్వాత సముద్రం గేమ్ మొదలైంది. మోటారు పడవ అయితే మీట నొక్కి వెళ్ళిపోవడమే, అందులో ఆట ఏముంది? అందుకని కథని మోటార్లూ నైలానూ రాకముందు కాలానికి, పందొమ్మిది వందల అరవైల చివరికి, తీసుకెళ్ళారు. ఉద్దానం తీరం. తెప్ప, తెరచాప, తెడ్డు. గాలి చూసుకుని వెళ్ళాలి, చేపలున్న చోటు వెతకాలి, చీకటి పడకముందు ఒడ్డుకి రావాలి.

ఆ ఏళ్ళని కళ్ళతో చూసినదాన్ని ఆఫీసులో నేనొక్కదాన్నే. మా నాన్న చెయ్యి పట్టుకుని బారువ ఒడ్డున నిలబడ్డ పిల్లని. అలలు దాటుతున్న తెప్ప కనబడకుండా పోయినప్పుడల్లా ఏడ్చేసేదాన్ని, మళ్ళీ తేలగానే ఊరుకునేదాన్ని. అందుకని గేమ్‌లో అప్పటికి లేనివన్నీ ఏరే పని నాకే అప్పజెప్పారు. ప్లాస్టిక్ బిందె తీయించాను. నైలాన్ తాడు తీయించాను. ఒడ్డున ఎండుచేపల మీద పరిచిన నీలం టార్పాలిన్ తీయించాను. తీశారో, రోడ్డు కింద పాతారో నాకు తెలియదు.

చేపలున్న చోటు సముద్రంలో ఎలా గుర్తుపడతారో తెలుసుకోవడానికి వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లెకి వెళ్ళాం. నేను, మోహన్, శేఖర్ గారు. అక్కడ ఎర్రయ్య అనే పెద్దాయన దొరికాడు. తెప్పల కాలంలో కుర్రాడుగా వేటకి వెళ్ళినవాడు. మా కోసం కొబ్బరి బొండాలు దింపించాడు. మోహన్ రికార్డు చేస్తుంటే చక్కగా చెప్పాడు.

"సముద్రంలో రాతలుండవు కదా తల్లీ. ఒడ్డే మాకు రాత. ముందున్నదొకటి, ఎనకున్నదొకటి, రెండూ ఒకే గీత మీదకి రావాల. అలాటి గీతలు రెండు కుదిరితే అదే సోటు. వాటినే గురుతులంతాం."

"అయితే మీ చోటు ఏది?" అని శేఖర్ గారు అడిగేశారు.

నేను తల దించుకున్నాను. ఆ వైపు గురుతులు తండ్రి కొడుక్కి చెబుతాడు. పక్కింటివాడికి చెప్పడు, అల్లుడికి కూడా చెప్పడు, వేరే ఊరికి పోతాయని. కానీ ఎర్రయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మహేంద్రగిరి నెత్తిన పల్లం ఉంటాది సూడండి. ఆ పల్లం సరుగుడు తోట కొసకి రావాల. అటేపు గుడి నెత్తి ఇసకదిబ్బ మీదకి రావాల. ఆ రెండూ కుదిరిన సోట లంగరు రాయేసీండి. సేపలే సేపలు!"

శేఖర్ గారు ఉబ్బిపోయారు. తిరుగు దారిలో నేను మాత్రం ఊరుకోలేదు. "అంత సులువుగా చెప్పాడేమిటండీ?" అన్నాను. "మీకు అన్నిటికీ అనుమానమే" అని నవ్వారు. నిజమే, అనుమానానికే కదా ఆయన నాకు జీతమిస్తున్నది.

"ఆ సోటు తీసీండమ్మా"

గేమ్ దాదాపు పూర్తయ్యాక ఎర్రయ్య నుంచి ఫోను. అప్పటికే ఆయనకి కిడ్నీలు పాడై, డయాలసిస్ కోసం పలాస తిరుగుతున్నాడు. ఆ తీరంలో ఆ జబ్బు లేని వీధి ఉండదు.

"అమ్మా, మీకు సెప్పిన సోటు ఉన్నాది కదా, అది మీ ఆటలోంచి తీసీండమ్మా."

"ఎందుకు బాబాయ్?"

"తీసీండి. మరేటీ అడక్కండి."

ఇంటి గుట్టు బయటపెట్టినందుకు బాధపడుతున్నాడు అనుకున్నాం. శేఖర్ గారు మంచి మనసుతోనే వెంటనే తీసేయమన్నారు. మోహన్ ప్రయత్నించాడు. ఆ చోటని చూపడానికి నీళ్ళ అడుగున మేము పెట్టిన రాళ్ళ గుట్టని తీయగానే తెప్ప ఒడ్డెక్కింది, ఇసుక మీద తెరచాప ఎత్తుకుని, కొబ్బరి తోటల్లోంచి పలాస రోడ్డు పట్టి పోయింది. అలల లెక్కంతా ఆ గుట్టని ఆధారం చేసుకుని రాశారట. మళ్ళీ అదే కథ. విడుదల దగ్గర పడింది. రాళ్ళని అక్కడే ఉంచి, అటు వెళ్ళే దారి మూసేశారు. ఆటలో వినిపించడానికి పెట్టిన ఎర్రయ్య గొంతు ఫైలు కూడా పేరు మార్చి లోపల వదిలేశారు.

"అది ఇంకా ఉంది" అన్నాను.

"ఎవరు చూడొచ్చారు కామేశ్వరి గారూ?" అన్నారు శేఖర్ గారు.

చూడొచ్చేవాళ్ళు ఉంటారు. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆడేవాళ్ళలో ఒక రకం మనుషులుంటారు. వాళ్ళకి ఆట అక్కర్లేదు, దాని గోడల వెనక ఏముందో కావాలి. ఫైళ్ళు విప్పుతారు, సరిహద్దులు దూకుతారు. గేమ్ విడుదలై నెల తిరక్కముందే ఎవరో తెప్పని మూసిన దారిలోంచి దూర్చి, ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళి, దానికి ఎర్రయ్య గొంతు కలిపి వీడియో పెట్టాడు. "కంపెనీ దాచేసిన చోటు" అని దానికి పేరు.

ఆ వీడియో నేను మళ్ళీ మళ్ళీ చూశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పాపం పెద్దాయన గుట్టు రట్టయిందే అని మాత్రమే అనుకున్నాను. అసలు సంగతి తెలిసి ఉంటే చూస్తూ కూర్చునేదాన్ని కాదు.

పలాస నుంచి ఫోను

ఒక రోజు ఆఫీసులో టీ తాగుతుంటే ఎర్రయ్య పలాస ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు.

"అమ్మా, ఓ తప్పు సేసేను. మీకు సెప్పింది మా సోటు కాదమ్మా. అబద్దం సెప్పేను."

పరాయివాళ్ళు అడిగితే చెప్పడానికి ఆ ఇంట్లో ఒక దొంగ గురుతు ఉందట. వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే చెబుతున్నారు. అక్కడ ఎప్పుడో మునిగిపోయిన ఓడ ఇనుము ఉంది. తెప్పల రోజుల్లో ఆశపడి అక్కడికి పోయినవాడికి గేలం చిక్కుకుని తెగిపోయేది. "గేలం పోతాది, బుద్దొస్తాది, అంతే" అన్నాడు. కానీ ఇప్పుడు గేలాలు కావు, నైలాన్ వలలు. తెడ్లు కావు, మోటార్లు. వల ఇనుముకి పట్టేసి, మోటారు ముందుకి లాగితే, పడవ వెనక నుంచి మునుగుతుంది. మాకు చెప్పేటప్పుడు ఆయనకి ఇది తట్టలేదు. అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది. తట్టాక తీసేయమన్నాడు.

"మరి అప్పుడే చెప్పచ్చు కదా బాబాయ్!" అని అరిచాను.

"నా గుమ్మంలో బొండాం తాగినోల్లకి అబద్దం సెప్పేనని ఏ మొకం పెట్టుకుని సెప్పనమ్మా? అదికాదు, బేగి ఇనండి. మా అల్లుడు సూరిగాడు పొద్దున్న కొత్త వలేసుకుని ఆ సోటుకే బయల్దేరిపోనాడు."

సూరి అంటే ఆయన కూతురు నూకాలు మొగుడు. బారువ వైపు నుంచి వచ్చి అత్తారింట్లోనే ఉంటూ వేట చేస్తున్నాడు. మావకి కొడుకులు లేరు, అయినా తనకి గురుతు చెప్పడం లేదని ఎప్పటినుంచో కక్ష. ఇప్పుడు వీడియోలో మావ గొంతే విన్నాడు. అబద్ధం అని మావ మొత్తుకుంటే, "ఇన్నాల్లూ దాసి, ఇప్పుడు దొరికీసరికి అబద్దమంతావేటి మావా" అని నవ్వి వెళ్ళాడట.

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. సూరి నంబరు తీసుకుని ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడు. మళ్ళీ చేశాను. మోహన్, శేఖర్ గారు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. నేను మొక్కని దేవుడు లేడు. చివరికి ఎత్తాడు. మోటారు హోరు.

"ఎవులండీ?"

"బాబూ, నేను ఆ గేమ్ చేసిన కంపెనీలో మనిషిని. అటు వెళ్ళకు నాయనా. అక్కడ ఓడ ఇనుముంది. వల పట్టేస్తుంది."

"మా మావ సెప్పమన్నాడేటి?"

"మావ కాదు, నేనే చెబుతున్నాను. అది వట్టి చోటు."

"వట్టిదైతే మరెందుకు దాసేరండీ? మంచిది కాబట్టే కదా దాసేరు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న అంత సూటిగా ఎవరూ అడగలేదు. "దాచలేదు బాబూ. తీయడం చేతకాక వదిలేశాం" అన్నాను. అంతకంటే నిజం ఇంకేముంది? కానీ అతనికి అది వట్టి సాకులా వినిపించింది. "సర్లెండి" అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా సిగ్నలు లేదు.

ఆ పూట ఎలా గడిచిందో నన్ను అడక్కండి. మోహన్ గేమ్ తెరిచి ఆ రాళ్ళ గుట్టనే చూస్తూ కూర్చున్నాడు. శేఖర్ గారు వజ్రపుకొత్తూరులో తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి, ఇంకో పడవ పంపించమని బతిమాలుతున్నారు. మధ్యాహ్నం దాటాక నూకాలు ఫోను చేసింది. "ఒచ్చీసేడండీ." నేను గట్టిగా ఏడ్చేశాను.

"మా మాట నమ్మాడా అమ్మా?"

"అబ్బెబ్బే. కొండకి మబ్బట్టేసిందట. గురుతు కనబడలేదట. మబ్బిడితే మల్లీ ఎల్తానంతన్నాడు."

దాస్తేనే నమ్ముతాడు

అదృష్టం కొద్దీ ఆ వారంలోనే, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం రోజులు మొదలయ్యాయి. పడవలన్నీ ఒడ్డెక్కాయి. మాకు కొంత గడువు దొరికింది. శేఖర్ గారు ఈసారి సిద్ధాంతాలు చెప్పలేదు. "ఎంత ఆలస్యమైనా సరే, నిజంగా తీయండి" అన్నారు. మోహన్ అలల లెక్క మొత్తం మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. తెప్పలు రోజూ తోటల్లోకి పోతున్నాయి, రోజూ నేను వాటిని పట్టుకొస్తున్నాను.

నేను మాత్రం కుదుటపడలేదు. గేమ్‌లోంచి తీస్తాం, వీడియోలోంచి ఎలా తీస్తాం? సూరి బుర్రలోంచి ఎలా తీస్తాం? మనం తీసేకొద్దీ అతనికి నమ్మకం పెరుగుతుంది. నిషేధం అయిపోగానే వల వేసుకుని పోతాడు.

ఎర్రయ్యని చూడటానికి మోహన్‌తో కలిసి పలాస వెళ్ళాను. చేతికి గొట్టాలతో పడుకుని ఉన్నాడు. ఒళ్ళు సగమైంది.

"సూరిగాడికి నిజం గురుతు సెప్పీసేనమ్మా," అన్నాడు. "మన కట్టుబాటు పోతే పోయిందని, పిలిచి కూకోబెట్టి సెప్పేను. నవ్వీసేడు. అడక్కుండా సెప్పేవంటే అది దొంగదే అన్నాడు. నానేమో పడవెక్కలేను. సూపించలేను."

ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాను. ఆయన "ఆడికి దాసింది కావాల. దాస్తేనే నమ్ముతాడు" అన్నాడు. తర్వాత మోహన్ వైపు తిరిగాడు. "బాబూ, మొదటిది తీసీసి, దానికన్నా లోపల ఇంకోటి దాసగలవేటి?"

మోహన్ నా వైపు చూశాడు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. ఫైళ్ళు విప్పేవాళ్ళ బుద్ధి అదే. మొదట దొరికినది మాయమైతే, అది పైపైన పెట్టిన దొంగది, అసలుది ఇంకా లోపలుందని తవ్వుతారు. కంప్యూటరు ముట్టుకోని మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందంటే, ఆయనకి తెలిసినది ఆట కాదు, అల్లుడు.

"అందరికీ తెలిసిపోతుంది కదా బాబాయ్?"

"తెలీదమ్మా. ఆ గురుతు మా ఇంటెనక జంట తాటిసెట్లది. గాలివానకి ఎప్పుడో పడిపోనాయి. మీ ఆట ఆ రోజులదే కదా, అందులో నిలబెట్టండి. ఇప్పుడు వాటి మొదల్లెక్కడున్నాయో నాకూ మా నూకాలుకీ తప్ప ఎవులికీ తెలీదు. ఆడు పెల్లాన్ని అడగాల."

మోహన్ రికార్డరు తీశాడు. ఎర్రయ్య ఆగమన్నాడు. మంచిగా చెబితే అల్లుడు నమ్మడు కాబట్టి, తెలియకుండా రికార్డయినట్టు ఉండాలట. రికార్డరు నడుస్తుండగా ముందు ఏవో గాలి కబుర్లు చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "రికార్డింగు ఆపీసేరా?" అన్నాడు. నా వైపు కళ్ళెగరేశాడు.

"ఆపేశాం బాబాయ్," అన్నాను.

అప్పుడు చెప్పాడు. జంట తాటిచెట్లు కొండలో ఎక్కడికి రావాలో, రెండో గీత దేనిదో. నేను ఇక్కడ రాయను.

అన్నీ పరీక్షించాకే బయటికి పంపడం నా వృత్తి. దీన్ని పరీక్షించే దారి నాకు లేదు. ఇది కూడా వాళ్ళ నాన్న నేర్పిన ఇంకో అబద్ధమైతే? ఒక మనిషి ప్రాణం. సిగ్గు విడిచి అడిగాను.

"బాబాయ్, ఇది నిజమేనా?"

ఆయనకి కోపం రాలేదు. "ఆడు నా కూతురి మొగుడమ్మా," అన్నాడు.

సూరి అడిగినది

కొత్త అప్‌డేట్ పంపాం. మొదటి చోటు నిజంగానే పోయింది. ఆ గేమ్ మొత్తంలో మేము నిజంగా తీసినది అదొక్కటే. రెండోది ఎంత లోతుగా దాచాలన్నదాని మీద నేనూ మోహనూ రోజూ తగువులాడుకున్నాం. తేలిగ్గా దొరికితే నమ్మడు, దొరక్కపోతే పాత చోటుకి పోతాడు. గోడల్లో సందులు మూయించడం నా పని. ఒక సందు కావాలని వదిలించడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

నిషేధం ఎత్తేసే రోజు దగ్గర పడుతోంది. నాకు అన్నం సహించేది కాదు. ఫోను మోగితే ముందు నూకాలేమో అని చూసేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం సూరి ఫోను చేశాడు.

"అమ్మా, ఓ మాట అడుగుతాను, అబద్దం సెప్పకండి. మొదటిది మాయమైపోనాది. లోపల ఇంకోటి దొరికింది. అందులో మా మావ రికార్డింగు ఆపీసేరా అన్నాడు, మీరు ఆపీసేమన్నారు. ఆపలేదు కదా? ఆయనకి తెలీకుండా దొంగిలించేరు కదా?"

ఆయన నీ కోసం, సూదులు గుచ్చిన చేత్తో, కట్టుబాటు తెంచుకుని ఇచ్చాడురా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముసలాయనకి దక్కవలసిన మాట అది. చెబితే ఈ అల్లుడు నవ్వేసి ఓడ ఇనుము మీదకి పోతాడు.

"అవును బాబూ. దొంగిలించాం," అన్నాను.

"నాకు తెలుసండీ!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఆ పిసినారి మావ సచ్చినా సెప్పడు. మీరేం బయపడకండి, ఆయనతో సెప్పన్లెండి."

నిషేధం ఎత్తేసిన మొదటి రోజంతా నేను ఫోను పక్కనే కూర్చున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు నేనే ఉండబట్టలేక ఎర్రయ్యకి ఫోను చేశాను. డయాలసిస్ నుంచి అప్పుడే ఇంటికొచ్చాడట, నీరసంగా ఉన్నాడు. దొంగిలించామని చెప్పిన సంగతి దాచకుండా చెప్పేశాను.

"మంచి పని సేసేవు తల్లీ," అన్నాడు.

"మరి సూరి?"

"నిన్న పడవ నిండా తెచ్చేడు. ఒడ్డంతా ఇరగబడి సూసింది."

నేను కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి తీసుకున్నాను. ఫోనులో ముసలాయన నవ్వుతున్నాడు. నవ్వుకి దగ్గు అడ్డం వచ్చి, మళ్ళీ నవ్వాడు.

"ఇన్ని సేపలు ఎక్కడ పట్టేవురా అల్లుడా అనడిగేనమ్మా. సెప్పనన్నాడు."